ఆ రాత్రి తీసేసిన పేరా

2022 జూలై 21వ తేదీ రాత్రి, రాష్ట్రపతి ఎన్నికలో ద్రౌపదీ ముర్ము గెలుపు ఖాయమైన తరువాత, విజయనగరంలో నేను పనిచేస్తున్న దినపత్రిక డెస్కులో ఆమె జీవిత విశేషాలతో ఒక బాక్స్ ఐటెమ్ తయారుచేసే పని నాకు అప్పగించారు. అప్పటికి ఆ వృత్తిలో నాకు ఇరవై ఆరేళ్లు నిండాయి. పదవీ విరమణకు ఇంకో ఏడాది ఉంది. సమాచారానికి కొరత లేదు. మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బేడా గ్రామంలో పుట్టుక, భువనేశ్వర్‌లో చదువు, ఒడిశా నీటిపారుదల, విద్యుత్ శాఖలో జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం, రాయ్‌రంగ్‌పుర్‌లో ఉపాధ్యాయ వృత్తి, 1997లో అదే పట్టణంలో కౌన్సిలర్‌గా ఎన్నిక, 2000లో శాసనసభకు గెలుపు, వెంటనే మంత్రి పదవి, 2015 నుంచి 2021 దాకా జార్ఖండ్ గవర్నర్ బాధ్యత, ఇన్ని మెట్లున్న జీవితం ఆమెది. భర్తనూ ఇద్దరు కొడుకులనూ కొద్ది సంవత్సరాల తేడాలో పోగొట్టుకున్న దుఃఖం వేరే. వీటన్నిటికీ తోడు, అభ్యర్థిగా పేరు ప్రకటించిన మరునాటి ఉదయం ఆమె రాయ్‌రంగ్‌పుర్ శివాలయంలో చీపురు పట్టి నేల ఊడుస్తున్న దృశ్యం నెల రోజులుగా టీవీల్లో తిరుగుతూనే ఉంది.

ఫొటోకు పోగా నాకు మిగిలిన చోటు నూట యాభై మాటలకు మించి లేదు. నేను ఏం చేశానో దాచుకోకుండా చెబుతాను. చీపురు ఫొటోను తీసుకున్నాను. ‘చీపురు పట్టిన చేతికి దేశ పగ్గాలు’ అని శీర్షిక పెట్టాను. పుట్టిన ఊరు, దుఃఖం, నిరాడంబరత ఉంచి, చోటు కోసం రెండు పేరాలు తీసేశాను. అందులో ఒకటి, ఆమె గవర్నర్‌గా ఉండగా 2017లో రెండు భూమి బిల్లులను ప్రభుత్వానికి తిప్పి పంపిన సంగతి.

కురుపాం వైపు గిరిజన గూడెం నుంచి వచ్చి మా దగ్గర పని నేర్చుకుంటున్న ఒక అమ్మాయి ప్రూఫు చదువుతూ తలెత్తి, “మేడమ్, ఆ భూమి బిల్లుల పేరా లేదండి, పొరపాటున పోయిందా?” అని అడిగింది. పొరపాటు కాదనీ, చోటు చాలలేదనీ చెప్పాను. “మా వైపు వాళ్లకి అదే కదండి వార్త. మన వన్ ఆఫ్ సెవెంటీ లాంటిదే కదా” అంది. నేను గడియారం చూశాను. ఆ అమ్మాయి ఇంకేమీ అనకుండా తన కుర్చీలోకి వెళ్లిపోయింది. రాత్రి పన్నెండు లోపలే పేజీ వెళ్లిపోయింది. మరునాడు ఆ శీర్షిక బాగుందని ఇద్దరు ముగ్గురు ఫోను చేసి మరీ మెచ్చుకున్నారు.

షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో మన రాష్ట్రంలో కట్టుదిట్టం చేసిన నిబంధననే మా ఏజెన్సీలో వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. పార్వతీపురం, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ప్రాంతాల్లో చదువు రాని వాళ్లకు కూడా ఆ అంకె నోటికి వస్తుంది. (పత్రికాఫీసులో ‘ఏజెన్సీ కాపీ’ అంటే వార్తా సంస్థ పంపిన కాపీ. మా జిల్లాలో ఏజెన్సీ అంటే కొండ ప్రాంతం. ఆ రాత్రి ఒక ఏజెన్సీ పంపిన వార్తను రెండో ఏజెన్సీకి చేరకుండా కత్తిరించింది నేనే.) పొరుగు రాష్ట్రపు ఆదివాసీ మహిళ దేశాధినేత అయిన రోజున, మా కొండల్లోని పాఠకుడికి ఆమె గురించి తెలియవలసిన మొదటి విషయం భూమి సంగతే. నేను చీపురు చూపించాను. మాది చీపురుపల్లి దగ్గర ఊరు కనుక చీపురు మీద నాకేమీ పగ లేదు. గుడి ఊడవడం ఆమె భక్తికి సంబంధించిన విషయం, అందులో తక్కువతనం ఏమీ లేదు. అయితే ఒక మనిషి రాజ్యాంగ పదవిలో కూర్చుని కలంతో చేసిన పనిని తీసేసి, ఆ మనిషి ఎలాంటి ఆడదో చెప్పే దృశ్యాన్ని ఉంచడం నా చేతికి అంత సహజంగా ఎందుకు వచ్చిందన్న ప్రశ్న మాత్రం పదవీ విరమణ తరువాత కూడా నన్ను వదలలేదు.

ముర్ము గెలిచిన తేదీకి సరిగ్గా అరవై రెండేళ్ల ముందు, 1960 జూలై 21న, సిరిమావో బండారనాయకే సిలోన్ (ఇప్పటి శ్రీలంక) ప్రధానిగా ప్రమాణం చేశారు. ప్రపంచంలో ఒక మహిళ ప్రధాని కావడం అదే మొదటిసారి. ప్రధానిగా ఉన్న భర్త 1959 సెప్టెంబరులో తుపాకి గుళ్లకు బలైన తరువాత ఆమె ఎన్నికల ప్రచారంలోకి వచ్చారు. భర్త ప్రసంగాల రికార్డులను సభల్లో వినిపించేవారు. పత్రికలు ఆమెకు ‘ఏడ్చే వితంతువు’ అని పేరు పెట్టాయి. ఆరేళ్లు తిరక్కముందే, 1966 జనవరిలో, ఇందిరా గాంధీ భారత ప్రధాని అయ్యారు. ఫిరోజ్ గాంధీ 1960లోనే మరణించారు కనుక అప్పటికి ఇందిర కూడా వితంతువే. అయినా ఆమెను ఎవరూ వితంతువు అని వర్ణించలేదు, నెహ్రూ కూతురు అన్నారు. ఇద్దరూ భర్తలను పోగొట్టుకున్నవారే అయినప్పుడు ఒకరు భార్యగా, ఒకరు కూతురుగా ఎందుకు మిగిలారు? వర్ణన ఆ మహిళ బతుకును చూసి పుట్టింది కాదు. ఆమె వెనక ఉన్న మగవాళ్లలో ఎవరు పెద్దవాడో చూసి, అతని దగ్గర నుంచి చుట్టరికం కలుపుకుంటూ వచ్చింది. సిరిమావో కూతురు చంద్రికా కుమారతుంగ 1994లో శ్రీలంక అధ్యక్షురాలిగా ఎన్నికైనప్పుడు ఈ చుట్టరికం లెక్క మరింత చిక్కుపడింది. ఆమె తండ్రీ భర్తా ఇద్దరూ హత్యకు గురైనవారే, పైగా ఆమె తన తల్లినే ప్రధానిగా నియమించారు. తల్లి పేరు చెప్పి కూతురిని పరిచయం చేయవలసి వచ్చిన అరుదైన సందర్భం అది.

ఈ అలవాటు ఇరవయ్యో శతాబ్దపు పత్రికలతో పుట్టిందని నేను అనుకోను. రుద్రమదేవి ఎన్నికైన నాయకురాలు కాదు కనుక ఇక్కడ ఆమె ప్రసక్తి ఎందుకని అనిపించవచ్చు గాని, మోటుపల్లి రాజ్యం గురించి రాసిన మార్కో పోలో ఆమెను చనిపోయిన రాజుగారి భార్యగా చెప్పాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. సింహాసనం మీద ఆడమనిషి కనిపించేసరికి, భర్త పోయి ఉంటాడు అన్న ఊహ ఎంతో దూరం నుంచి వచ్చిన ఆ బాటసారికి తనంతట తానే తోచింది. మనవాళ్లు ఇంకో దారి పట్టారు. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అన్నారు. ఒకరు ఆమెను తండ్రికే భార్యగా కట్టబెట్టారు, ఒకరు మగపేరు పెట్టారు. ఆ తరువాత ఏడు వందల ఏళ్లలో ప్రపంచం కొత్తగా కనిపెట్టిన మూడో దారి ఏదైనా ఉందేమోనని వెతికితే నాకు పెద్దగా కనిపించలేదు.

బంగ్లాదేశ్ సంగతి ఇంకా విచిత్రం. ఖలీదా జియా 1991లో, షేక్ హసీనా 1996లో తొలిసారి ప్రధానులయ్యారు. హత్యకు గురైన అధ్యక్షుడి భార్య ఒకరు, హత్యకు గురైన జాతినేత కూతురు ఒకరు. సైన్యం పాత్ర, ఎన్నికల నిర్వహణ, విముక్తి పోరాటపు వారసత్వం వంటి బరువైన విషయాల మీద దశాబ్దాల పాటు నడిచిన వారి వైరాన్ని మనం ‘బేగంల పోరు’ అని రెండు మాటల్లో తేల్చేశాం. ఆ శీర్షిక నేనూ పెట్టాను, ఒకసారి కాదు. తెలుగులో ఇద్దరు మగవాళ్లకు పడకపోతే ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అంటాం. ఇద్దరు ఆడవాళ్లకు పడకపోతే రెండు కొప్పులు ఒకచోట ఇమడవు అంటాం. వాళ్లకు కత్తులు, వీళ్లకు కొప్పులు. ‘ఆడపెత్తనం’ అని మొదలయ్యే సామెత కూడా మనకు ఒకటి ఉంది. దాని రెండో సగం ఒక కులాన్ని కూడా కించపరుస్తుంది కనుక ఇక్కడ రాయను.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. పత్రికల్లో మేము అందరినీ దేశాధినేత అని రాసేస్తాం గాని, ప్రధాని ప్రభుత్వానికి అధినేత, అధ్యక్షుడు లేదా రాష్ట్రపతి రాజ్యానికి అధినేత. అర్జెంటీనాలో ఇసబెల్ పెరోన్ 1974లో అధ్యక్షురాలయ్యారు, కానీ ఆమె ఉపాధ్యక్షురాలిగా ఎన్నికై, అధ్యక్షుడైన భర్త మరణించడంతో ఆ స్థానంలోకి వచ్చారు. ప్రజలు నేరుగా ఓటు వేసి అధ్యక్ష పదవికి ఎన్నుకున్న మొదటి మహిళ 1980లో ఐస్‌లాండ్‌కు చెందిన విగ్దిస్ ఫిన్‌బొగాదొత్తిర్. ఆమె గురించి కొంచెం ఎక్కువగా రాయాలని ఉంది, ఎందుకంటే చుట్టరికం కలపడానికి వీలు లేని మహిళ ఎదురైతే వర్ణన ఎక్కడికి పోతుందో ఆమె కథలో కనిపిస్తుంది.

విగ్దిస్ వెనక హత్యకు గురైన భర్త లేడు, ప్రధాని అయిన తండ్రి లేడు. ఫ్రెంచి భాష బోధించారు, రేక్యావిక్‌లో ఒక నాటక సంస్థను నడిపారు. భర్తతో విడిపోయి, ఒంటరిగా ఉంటూనే ఒక పాపను దత్తత తీసుకున్నారు. ముగ్గురు మగ అభ్యర్థుల మీద పోటీ చేశారు. ఆమెను భార్యగానో కూతురుగానో చెప్పడానికి వీలు కాలేదు కనుక మాట ఆమె శరీరం మీదికి మళ్లింది. క్యాన్సర్ కారణంగా అంతకు ముందే ఆమెకు ఒక రొమ్ము తొలగించారు. సగం ఆడదాని వంటి మనిషి అధ్యక్షురాలు ఎలా అవుతారన్న అర్థం వచ్చే ప్రశ్న ప్రచారంలోనే ఎదురైంది. తాను ఐస్‌లాండ్ ప్రజలకు పాలిచ్చి పెంచబోవడం లేదు కదా అని ఆమె జవాబిచ్చారు. మూడింట ఒక వంతుకు కొంచెం ఎక్కువ ఓట్లతో గెలిచి, ఆ తరువాత వరుసగా పదహారేళ్లు, 1996 దాకా, ఆ పదవిలో ఉన్నారు. అక్కడ ఆమె హయాంలో పుట్టి పెరిగిన పిల్లలు, మగవాళ్లు కూడా అధ్యక్షులు కావచ్చా అని అడిగేవారని చెప్పుకుంటారు. జర్మనీలో అంగెలా మెర్కెల్ పదహారేళ్ల పాలన తరువాత కూడా ఇదే మాట చెప్పుకున్నారు కనుక, అది నిజంగా జరిగిందా, జరిగి ఉంటే బాగుండునని పెద్దలు అల్లుకున్నదా అన్న చిన్న సందేహం నాకుంది.

ఐర్లండ్‌లో 1990 అధ్యక్ష ఎన్నికలో మేరీ రాబిన్సన్ పోటీ చేసినప్పుడు, ఆమెకు కుటుంబం మీద కొత్తగా ఆసక్తి పుట్టుకొచ్చిందంటూ ఒక మంత్రి రేడియోలో ఎత్తిపొడిచాడు. ఆమె రాజ్యాంగ న్యాయవాది, ఇరవై ఏళ్లు సెనేటర్. మొదటి ప్రాధాన్య ఓట్లలో వెనకబడి, రెండో లెక్కింపులో గెలిచారు. న్యూజిలాండ్‌లో జసిండా ఆర్డెర్న్ 2017లో పార్టీ నాయకత్వం చేపట్టిన కొద్ది గంటలకే పిల్లల్ని ఎప్పుడు కంటారని అడిగారు. 2022లో ఫిన్లండ్ ప్రధాని సన్నా మరీన్ ఆమెను కలవడానికి వెళ్తే, ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు కావడం వల్లనే కలుస్తున్నారా అని ఒక విలేఖరి అడిగాడు. అమెరికా మాజీ అధ్యక్షుడు ఒబామానూ, న్యూజిలాండ్ మాజీ ప్రధాని జాన్ కీనీ ఆ ప్రశ్న ఎవరైనా అడిగారా అని ఆర్డెర్న్ ఎదురు ప్రశ్న వేశారు. ఆ విలేఖరిని చూసి నవ్వే అర్హత నాకు లేదు. మా జిల్లాలో గెలిచిన ఒక మహిళా నాయకురాలిని ‘రాజకీయాల్లో ఉంటూ వంట ఎప్పుడు చేస్తారు’ అని మా పత్రిక పండుగ అనుబంధం కోసం అడిగించింది నేనే. ఆవిడ ఓపికగా గుమ్మడికాయ పులుసు గురించి చెప్పారు. అది అచ్చయింది.

చుట్టరికమూ శరీరమూ కాక మరొక అరువు ఉంది, లోహం. మార్గరెట్ థాచర్‌ను 1976 జనవరిలో సోవియట్ సైన్యపు పత్రిక ‘ఇనుప మహిళ’ అని వెక్కిరించింది. అప్పటికి ఆమె ప్రతిపక్ష నాయకురాలు మాత్రమే, ప్రధాని కావడానికి ఇంకా మూడేళ్లుంది. కొద్ది రోజులకే ఆమె తన నియోజకవర్గంలో మాట్లాడుతూ ఆ వెక్కిరింపును బిరుదుగా తొడుక్కున్నారు. తెలుగులోకి వచ్చేసరికి అది ‘ఉక్కు మహిళ’ అయింది. విశాఖ ఉక్కు కోసం ప్రాణాలు పోయిన ప్రాంతం మాది కనుక మాకు ఉక్కు అన్న మాటలో వెక్కిరింపు వినిపించదు, గౌరవమే వినిపిస్తుంది. ఆ తరువాత ఏ దేశంలో ఏ మహిళ గద్దెనెక్కినా మేము ‘ఉక్కు మహిళ’ అచ్చు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాం. ఇందిరకు, ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మెయిర్‌కు, లైబీరియా ఎలెన్ జాన్సన్ సర్లీఫ్‌కు, అందరికీ అదే కొలత చొక్కా. గోల్డా మెయిర్ గురించి, తన మంత్రివర్గంలో ఉన్న ఒకే ఒక మగవాడు ఆమేనని ఇజ్రాయెల్ తొలి ప్రధాని బెన్ గురియన్ అన్నట్టు చెబుతారు. అదే మాట ఇందిర గురించీ ఇక్కడ చెప్పుకున్నారు. మన ఇళ్లలో ఇదే మెచ్చుకోలు ‘మగరాయుడు’ అన్న పేరుతో నడుస్తుంది.

సర్లీఫ్ 2005లో గెలిచి, ఆఫ్రికాలో అధ్యక్ష పదవికి ఎన్నికైన మొదటి మహిళ అయ్యారు. ఆ ప్రచారంలో ఆమె అభిమానులు పట్టుకు తిరిగిన ఇంగ్లీషు నినాదానికి అర్థం, ఎలెన్ ఆడదైనా మనం నమ్ముకున్న మగవాడు ఆమే అని. దీన్ని తెలుగు చేయబోయి నేను ఒక విచిత్రం గమనించాను. ‘ఎలెన్ మన మనిషి’ అని రాస్తే వాక్యం చక్కగా కుదిరింది, కానీ అందులోని చమత్కారం మాయమైంది. మనిషి అన్న తెలుగు మాటకు ఆడా మగా తేడా లేదు. మన మనిషి అంటే మనకు కావలసిన మనిషి, అంతే. సర్దార్ పటేల్‌ను హిందీవాళ్లు లోహ పురుషుడు అంటే మనం ఉక్కు మనిషి అన్నాం. అంత మంచి మాట చేతిలో ఉండగా, థాచర్ దగ్గరికి వచ్చేసరికి ఉక్కు మహిళ అని కొత్తగా పోతపోయవలసిన అవసరం మనకు ఎందుకు వచ్చింది? ఉక్కు మనిషి ఆమెకూ సరిపోయేది కదా.

ఒక పక్క ఇంత ఉదారమైన మాటను దాచుకున్న భాషే ఇంకో పక్క వ్యాకరణంలో కఠినంగా ఉంటుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కాక మిగిలినవి మహత్తులు. అంటే ఏకవచనంలో ఆడమనిషి అమహత్తు. ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, ఆమె వచ్చింది. బహువచనంలోకి వెళ్తే మాత్రం స్త్రీలు మహత్తుల వరసలో చేరతారు. గౌరవ బహువచనం అనే ఉపాయం మనకు లేకపోతే, దేశాన్ని ఏలే మహిళకు కూడా తెలుగు వాక్యం చివర బస్సుకు దొరికిన క్రియే దొరికేది. మా డెస్కులో ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటి ఉండేది. పదవిలో ఉన్న మగవాడు ‘అన్నారు’, పదవి లేనివాడు ‘అన్నాడు’. పదవిలో ఉన్న మహిళ ‘అన్నారు’, పదవి లేని మహిళ ‘అన్నది’. మగవాడు ఎంత కిందికి జారినా మహత్తుగానే ఉంటాడు. మహిళ ఒక్క మెట్టు దిగితే సరాసరి అమహత్తుల్లో పడుతుంది. ఒక నాయకురాలు పదవిలో ఉండగా ‘అన్నారు’ అని రాసి, కేసులో అరెస్టయిన రోజున ‘అన్నది’ అని మార్చిన కాపీలు నా చేతి మీదుగా వెళ్లాయి. ఇందులో ముర్ము గారికి సంబంధించిన ఒక ముచ్చట ఉంది. ఆమె మాతృభాష సంతాలీలో ఆడవారికీ మగవారికీ సర్వనామం ఒకటే, ‘ఉని’. ఆ భాష ప్రాణమున్నవాటినీ లేనివాటినీ వేరు చేస్తుంది గాని, ప్రాణమున్నవాటిలో ఆడనూ మగనూ వేరు చేయదు.

పదవుల పేర్లతో కూడా ఇలాంటి చిక్కే ఉంది. 2022 జూలైలోనే లోక్‌సభలో కాంగ్రెస్ పక్ష నాయకుడు ముర్మును ‘రాష్ట్రపత్ని’ అని, పెద్ద దుమారం రేగిన తరువాత నోరు జారిందని క్షమాపణ చెప్పారు. సేనాపతి, సభాపతి, కులపతి మాటల్లో ఉన్న పతికి అధిపతి అని అర్థం, మొగుడు అని కాదు. అయినా పతి అనగానే పత్ని గుర్తుకు రావడానికి ఢిల్లీ దాకా పోనక్కరలేదు. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు ఉన్న మన రాష్ట్రంలో, సమావేశంలో సర్పంచ్ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించుకునే భర్తల వార్తలు మాకు నిత్యం వచ్చేవి. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల శాసనసభ్యురాలు కావలి ప్రతిభాభారతి 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా స్పీకర్ అయినప్పుడు, సభ్యులు ఆమెనూ ‘అధ్యక్షా’ అనే పిలిచారు. నాకు ఆ పిలుపు నచ్చింది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా పిలుపు కుర్చీకి చెందింది. బయటి దేశాల్లో దీనికి ఎదురు దారి పట్టినవారు ఉన్నారు. బ్రెజిల్‌లో జిల్మా రూసెఫ్, మెక్సికోలో 2024లో ఎన్నికైన క్లాడియా షేన్‌బామ్ తమను స్త్రీలింగ రూపంలో ‘ప్రెసిదెంత’ అనే పిలవాలని పట్టుబట్టారు. మెర్కెల్ గెలిచిన 2005లో చాన్సలర్ పదవి పేరుకు స్త్రీలింగ రూపమే జర్మనీలో ఆ ఏటి మాటగా ఎంపికైంది. ఏ దారి మంచిదో నేను తేల్చుకోలేకపోయాను. మన పత్రికల్లో కనిపించే ‘తొలి మహిళా అధ్యక్షురాలు’ అనే ప్రయోగంలో మాత్రం ఒకే మనిషి ఆడదని రెండుసార్లు చెబుతున్నాం, చదివేవాడికి అనుమానం మిగలకూడదన్నట్టు.

ఇందిరా గాంధీని మొదట్లో రామ్ మనోహర్ లోహియా ‘మూగబొమ్మ’ అని ఎద్దేవా చేశారు. 1971 యుద్ధం తరువాత వాజ్‌పేయీ ఆమెను దుర్గతో పోల్చారని దేశమంతా చెప్పుకుంది. తాను ఆ మాట అనలేదని ఆయన తరువాత చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. అయిదేళ్లలో బొమ్మ దేవత అయింది. ఈ పని మా ఊరికి కొత్త కాదు. విజయనగరం పైడితల్లి అమ్మవారు, 1757లో బొబ్బిలి యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే హత్యకు గురైన విజయరామరాజు చెల్లెలని ఐతిహ్యం. ఏటా విజయదశమి దాటాక వచ్చే మంగళవారం నాడు సిరిమాను తిరుగుతుంటే ఊరంతా చేతులెత్తి మొక్కుతుంది, నేనూ మొక్కుతాను. అయితే ఆ రాజుగారి చెల్లెలు అన్నగారికి ఏం చెప్పింది, యుద్ధం గురించి ఆమె ఏమనుకుంది అన్న ప్రశ్నలు ఆ జాతరలో ఎవరి చెవినీ పడవు. దేవతను ఆ ప్రశ్నలు అడగం.

1984 అక్టోబరు 31న ఇందిర మరణవార్త రేడియోలో విన్నప్పుడు మా నాయనమ్మ చాట పక్కన పెట్టి, “ఎంత మనిషి పోనాది!” అంది. అప్పటికి ఇందిర మెదక్ నుంచి గెలిచిన ఎంపీ కూడా కనుక మాకు ఇంకొంచెం దగ్గర. నాయనమ్మకు ‘అన్నారు’ భాష రాదు, ‘పోనాది’ అనే వచ్చు. నెహ్రూ కూతురని గాని, దుర్గ అని గాని, ఉక్కు అని గాని ఆమె అనలేదు. ఎమర్జెన్సీలో మా పెదనాన్నను రెండు రోజులు ఠాణాలో కూర్చోబెట్టిన సంగతి కూడా ఆమె మరచిపోలేదు. అదే సాయంత్రం దాన్నీ ఎత్తి తిట్టింది. మెచ్చుకోవడానికీ తిట్టడానికీ ఇందిర చేసిన పనులే ఆమెకు కనిపించాయి.

నిరుడు సంక్రాంతికి ఆ కురుపాం అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు వేరే చోట పనిచేస్తోంది. మాటల మధ్య ఆ బాక్సు సంగతి నేనే ఎత్తాను. తనకు గుర్తు లేదేమో అనుకున్నాను గాని, తీసేసిన పేరా కాపీ తన ఫోనులో ఇంకా ఉందని చెప్పి చూపించింది. చదివాను. అరవై మాటలు లేవు. ఆ రాత్రి ఫొటోను అంగుళం తగ్గించి ఉంటే పట్టేసేది. ఆ పేరా ఇది:

“ఆదివాసీల సాగు భూములను వ్యవసాయేతర అవసరాలకు మళ్లించేందుకు వీలు కల్పిస్తూ 2016 నవంబరులో జార్ఖండ్ శాసనసభ ఆమోదించిన ఛోటానాగ్‌పుర్, సంతాల్ పరగణా కౌలు చట్టాల సవరణ బిల్లులపై గవర్నర్ ద్రౌపదీ ముర్ము సంతకం చేయలేదు. ఆదివాసీ సంఘాల ఆందోళనల నేపథ్యంలో 2017లో ఆ బిల్లులను ప్రభుత్వానికి తిప్పి పంపారు. అప్పుడు అధికారంలో ఉన్నది ఆమె సొంత పార్టీయే. ఆ తరువాత ప్రభుత్వం సవరణలను విరమించుకుంది.”